ఫొటో ఉంది... తెరుచుకోదు!

రేపల్లెలో ఓ ఇల్లు. పెద్దాయన పోయి వారం దాటింది. పెద్దకర్మ నాలుగు రోజుల్లోకి వచ్చింది. వంటవాళ్లకి చెప్పడం, చుట్టాలకి కబురు పెట్టడం అన్నీ అయ్యాయి గానీ ఒక్క పని మాత్రం మిగిలిపోయింది. హాల్లో దండ వేసి పెట్టడానికి మంచి ఫొటో లేదు. ఆధార్ కార్డు మీదున్న ఫొటో పెడదామా అంటే, అందులో ఆయన్ని సొంతవాళ్లే గుర్తుపట్టలేరు. సంక్రాంతికి అమెరికా నుంచి వచ్చిన మనవడు, అరుగు మీద పడక్కుర్చీలో కూర్చున్న తాతయ్యని తన ఐఫోన్‌తో తీశాడు. నవ్వుతూ ఉన్నారు అందులో. ఇంట్లో అందరికీ అదే కావాలి. మనవడు వెంటనే పంపించాడు కూడా. కూతురు కంప్యూటర్ ముందు కూర్చుని ఆ ఫైలు మీద రెండుసార్లు నొక్కింది. ఫొటోకి బదులు ఇంగ్లీషులో ఓ వాక్యం వచ్చింది. ఈ రకం ఫైలు మాకు చేతకాదు అని దాని తాత్పర్యం.

"ఒరేయ్ నాన్నా, నువ్వు పంపింది తెరుచుకోవట్లేదురా. ఇంకోసారి పంపు."

"మూడుసార్లు పంపాను కదత్తా! నా దగ్గర బానే ఉంది మరి."

ఇలాంటి ఇల్లు మీ వీధిలోనూ ఉంటుంది. ఫొటో తెరుచుకోకపోతే మనలో చాలామందికి ముందు వచ్చే ఆలోచన 'పోయింది' అని. తర్వాత వచ్చేది 'కంప్యూటర్‌లో వైరస్ దూరింది' అని. అబ్బే, ఎక్కువసార్లు ఆ రెండూ కావు. ఫొటో నిక్షేపంలా ఉంటుంది. దాన్ని చదవడం మన కంప్యూటర్‌కి రాదు, అంతే. అయితే నిజంగా దెబ్బతిన్న ఫొటోలూ ఉంటాయి. ఏది ఏదో తెలుసుకోకుండా కంగారుగా చేసే పనుల వల్లే బాగున్న ఫొటోలు కూడా చేజారిపోతుంటాయి.

చూడాల్సిన మొదటి సంగతి

తెరుచుకోనిది ఆ ఒక్క ఫొటోనా, అన్నీనా? ముందు ఇది చూడండి. ఏ ఫొటో నొక్కినా రాకపోతే తప్పు ఫొటోలది కాదు, వాటిని చూపించే ప్రోగ్రాముది. విండోస్‌లో 'ఫొటోస్' అనే ఆ ప్రోగ్రాము అప్పుడప్పుడూ మొరాయిస్తుంది. సెట్టింగ్స్‌లో యాప్స్ లోకి వెళ్లి, ఫొటోస్ పేరు పట్టుకుని 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్' తెరిస్తే అక్కడ 'రిపేర్' అని ఉంటుంది. అది నొక్కితే చాలాసార్లు దారికొస్తుంది. మీ ఫొటోలకేమీ కాదు. ఈలోగా అవసరమైతే అదే ఫొటోని పెయింట్‌లో గానీ, ఇంటర్నెట్ చూసే క్రోమ్ కిటికీలోకి లాగి గానీ చూసుకోవచ్చు.

ఆ ఒక్కటే రాకపోతే, దాని మీద కుడి మీట నొక్కి 'ప్రాపర్టీస్' చూడండి. సైజు ఎంతుంది? సున్నా అని ఉంటే అందులో ఏమీ లేదు. పేరు మాత్రమే వచ్చింది, ఫొటో రాలేదు. ఖాళీ కవరు మీద చిరునామా రాసి పోస్టు చేసినట్టన్నమాట. అలాంటి ఫైలుతో తంటాలు పడటం దండగ. అసలు ఎక్కడినుంచి వచ్చిందో అక్కడినుంచి మళ్లీ తెచ్చుకోవాలి. ఫోనుతో తీసిన ఫొటో మామూలుగా రెండు నుంచి అయిదు ఎంబీల దాకా ఉంటుంది. సైజు ఆ మాదిరిగా ఉంటే సగం ధైర్యం వచ్చినట్టే.

మరో చిన్న తికమక ఉంది. ఫైలు పక్కన చిన్న మేఘం బొమ్మ కనిపిస్తోందా? అయితే ఆ ఫొటో మీ కంప్యూటర్‌లో లేదు. వన్‌డ్రైవ్ వాళ్ల దగ్గర, అంటే ఎక్కడో దూరాన ఉన్న వాళ్ల కంప్యూటర్లలో ఉంది. మీకు కనిపించేది దాని చీటీ మాత్రమే. నెట్ ఉంటేనే తెరుచుకుంటుంది. దాని మీద కుడి మీట నొక్కి 'ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్' అంటే ఇంటికొచ్చి కూర్చుంటుంది. ఇక్కడో హెచ్చరిక. చీటీయే కదా అని దాన్ని తీసి పారేస్తే అక్కడ ఉన్నదీ పోతుంది.

జాడీ మీద చీటీ

కంప్యూటర్లో ప్రతి ఫొటో పేరు చివరా ఓ చుక్క, దాని తర్వాత మూడు నాలుగు ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. ఇది ఏ రకం ఫైలో చెప్పేవి ఆ అక్షరాలే. విండోస్ మన మేలుకోరి వాటిని దాచేస్తుంది. మేలు సంగతేమో గానీ, గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి. ముందు వాటిని బయటికి రప్పించండి. విండోస్ 11లో అయితే ఫోల్డరు తెరిచి పైన 'వ్యూ', అందులో 'షో', అందులో 'ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్' దగ్గర టిక్కు పెట్టండి. విండోస్ 10లో 'వ్యూ' నొక్కగానే ఎదురుగానే ఉంటుంది.

మనందరికీ అలవాటైనది జేపీజీ. 1992లో ప్రమాణంగా ఆమోదం పొందిన ఈ పద్ధతి ఎంత పాత కంప్యూటర్‌కైనా వచ్చు. అయితే మన రేపల్లె వాళ్లకి వచ్చిన ఫొటో చివర ఉన్నవి హెచ్, ఇ, ఐ, సి అనే నాలుగక్షరాలు. ఐఫోన్ వాళ్లు 2017లో ఈ పద్ధతి మొదలుపెట్టారు. ఫొటో నాణ్యత తగ్గకుండా దాదాపు సగం చోటులో సర్దుతుంది కాబట్టి వాళ్లకది ముద్దు. ఫోను కొన్నప్పటి నుంచీ కెమెరా ఇలాగే తీస్తూ ఉంటుంది. తీసేవాళ్లకి ఆ సంగతే తెలియదు, ఎందుకంటే వాళ్ల ఫోనులో అన్నీ తెరుచుకుంటాయి కదా! ఇబ్బందల్లా ఇక్కడ మనకి. కొన్ని శామ్‌సంగ్ ఫోన్లలోనూ ఇలా తీసే ఏర్పాటు ఉంది.

దీనికి మందు చాలా సులువు. కంప్యూటర్ విండోస్ 10 గానీ 11 గానీ అయితే, మైక్రోసాఫ్ట్ స్టోర్‌లోకి వెళ్లి 'హీఫ్ ఇమేజ్ ఎక్స్‌టెన్షన్స్' అని వెతికి పెట్టుకోవాలి. ఉచితమే. దానికి తోడుగా 'హెచ్ఈవీసీ వీడియో ఎక్స్‌టెన్షన్స్' కూడా కావాల్సి వస్తుంది. దానికి మాత్రం కొద్దిపాటి రుసుము అడుగుతారు. ఒక్క ఫొటో కోసం అదంతా ఎందుకనుకుంటే పంపేవాళ్లకే చెప్పండి. ఐఫోన్‌లో ఫొటో షేర్ చేసేటప్పుడు పైన కనిపించే 'ఆప్షన్స్'లో 'మోస్ట్ కంపాటిబుల్' ఎంచుకుంటే జేపీజీగా మారి వస్తుంది. ఇకముందు తీసే ఫొటోలన్నీ అలాగే రావాలంటే సెట్టింగ్స్‌లో కెమెరా, అందులో 'ఫార్మాట్స్', అక్కడా అదే మాట. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న పిల్లలు పండక్కి వచ్చినప్పుడు, ఇంటికి రాగానే వాళ్లచేత ముందు చేయించాల్సిన పని ఇదే సుమండీ. జంతికలు తర్వాత పెట్టొచ్చు!

విండోస్ 7 వాడుతున్న ఇళ్లు ఇంకా కొన్ని ఉన్నాయి. పాపం, ఆ కంప్యూటర్లకి ఈ కొత్త పద్ధతులు రావు. 2020 జనవరితో దానికి మైక్రోసాఫ్ట్ వాళ్ల ఆలనాపాలనా ఆగిపోయింది. అలాంటివాళ్లు జేపీజీగానే తెప్పించుకోవడం మంచిది.

ఇక రెండోరకం తంటా వెబ్‌పీ. ఇంటర్నెట్‌లో నచ్చిన రవికె డిజైనో, ముగ్గో, పూజగది నమూనానో దాచుకుంటాం చూడండి, అవి చాలావరకు ఇప్పుడు ఈ రకంగా వస్తున్నాయి. గూగుల్ వాళ్లు 2010లో తెచ్చిన పద్ధతి ఇది. పాత కంప్యూటర్లో దీనికి చదివే దిక్కుండదు. క్రోమ్‌లోకి లాగితే మాత్రం ఠక్కున కనిపిస్తుంది. కొత్త విండోస్‌లోనైతే పెయింట్‌లో తెరిచి 'సేవ్ యాజ్' అని జేపీజీగా దాచుకుంటే ఇక మీ టైలరు ఫోనులోనైనా కనిపిస్తుంది.

ఇక్కడే చాలామంది ఓ తెలివైన పని చేస్తారు. పేరు చివరి అక్షరాలు చెరిపేసి జేపీజీ అని రాస్తారు. ఆవకాయ జాడీ మీద గోంగూర అని చీటీ అంటిస్తే లోపలున్న ఆవకాయ గోంగూర అవుతుందా? ఇదీ అంతే. చీటీ మారితే సరుకు మారదు. పైగా రేపు ఎవరైనా బాగుచేద్దామన్నా అసలు ఏ రకమో తెలియక తికమకపడతారు. మార్చాలంటే తెరిచి, వేరే రకంగా 'సేవ్ యాజ్' చేయాల్సిందే.

చీటీ అబద్ధం చెబుతోందేమోనని అనుమానం వస్తే తెలుసుకునే మార్గం ఉంది. ముందు ఆ ఫైలుకి ఇంకో కాపీ తీసుకోండి. ఆ కాపీని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. అర్థంకాని పిచ్చిగీతలు బోలెడన్ని వస్తాయి, భయపడకండి. మొదటి వరుసలో ఏముందో చూడండి చాలు. జె-ఎఫ్-ఐ-ఎఫ్ అనో, ఎగ్జిఫ్ అనో ఇంగ్లీషులో కనిపిస్తే అది జేపీజీ. పి-ఎన్-జి అని ఉంటే పీఎన్‌జీ. వెబ్‌పీ అనే మాట కనిపిస్తే వెబ్‌పీ. ఎఫ్-టి-వై-పి అని మొదలై హీక్ అని ఉంటే ఐఫోన్‌ది. అక్షరాలే లేక అంతా ఖాళీగా ఉంటే, సైజు ఎంత కనిపిస్తున్నా లోపల ఫొటో లేనట్టే. చూడటం అయ్యాక సేవ్ చేయకుండా మూసేయండి. సేవ్ చేశారో, ఆ కాపీ కాస్తా పాడైపోతుంది.

ఇదంతా ఎవరు చూస్తారమ్మా అంటారా? ఇర్ఫాన్‌వ్యూ అని ఓ చిన్న ప్రోగ్రాము ఉంది. బోస్నియాకు చెందిన ఇర్ఫాన్ స్కిల్యాన్ అనే ఆయన 1996లో తయారుచేశారు. ఇంట్లో వాడుకోవడానికి డబ్బు కట్టక్కర్లేదు. ఫైలు పేరుకీ లోపలి సరుకుకీ పొంతన లేకపోతే అది తనంతట తనే 'ఇది ఫలానా రకం, పేరు తప్పు రాశారు, సరిచేయనా?' అని అడుగుతుంది. పొరుగింటి పిన్నిగారిలా అన్నమాట.

పెళ్లి ఆల్బమ్ సంగతి

తెనాలిలో పెళ్లంటే మాటలా! ఆంధ్రా పారిస్ అని పేరు పడ్డ ఊరాయె. మూడు కెమెరాలు, డ్రోను, కరిజ్మా ఆల్బమ్ అన్నీ ఉండాల్సిందే. ఆర్నెల్లకి ఆల్బమ్‌తో పాటు ఓ పెన్‌డ్రైవో హార్డ్‌డిస్కో ఇంటికొస్తుంది. తెరిచి చూస్తే సగం ఫొటోలు రావు. మోసం చేశారనుకుని పెళ్లికూతురి తల్లి స్టూడియో మీదికి వెళుతుంది.

నిజానికి అక్కడ ఉన్నవి పచ్చి ఫొటోలు. పెద్ద కెమెరాలు ఫొటోని వండకుండా, కెమెరా కన్ను చూసింది చూసినట్టు దాస్తాయి. కానన్ కెమెరావైతే సీఆర్2, సీఆర్3 అనీ, నికాన్‌వైతే ఎన్‌ఈఎఫ్ అనీ, సోనీవైతే ఏఆర్‌డబ్ల్యూ అనీ చివర ఉంటుంది. ఒక్కోటి ఇరవై ముప్ఫై ఎంబీలు. రంగులు, వెలుగు సరిదిద్దుకోవడానికి స్టూడియోవాళ్లకి అవి కావాలి. మనకి చూసుకోవడానికి కావలసింది జేపీజీలు. మరీ చూడాలనిపిస్తే మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో 'రా ఇమేజ్ ఎక్స్‌టెన్షన్' ఉచితంగా దొరుకుతుంది. ఆల్బమ్ పేజీలైతే పీఎస్‌డీ అనే ఫొటోషాప్ ఫైళ్లుగా ఉంటాయి. వాటినీ జేపీజీలుగా ఇమ్మని అడగాలి.

ఎప్పుడు అడగాలి? అడ్వాన్సు ఇచ్చేటప్పుడు. ఎన్ని ఫొటోలు, ఏ సైజులో జేపీజీలుగా ఇస్తారు, అసలు ఫైళ్లు ఎంతకాలం తమ దగ్గర ఉంచుతారు - ఈ మాటలు రసీదు మీద రాయించుకోండి. ఏ స్టూడియోవాళ్లూ జీవితాంతం దాచలేరు. కొత్త పెళ్లిళ్లకి చోటు కావాలి కదా. రెండేళ్ల తర్వాత వెళ్లి, 'బాబూ, మా అమ్మాయి తలంబ్రాల ఫొటో' అంటే ఎవరిని తప్పుపట్టగలం?

ఆడపిల్ల పెళ్లి ఖర్చులో నగలకీ చీరలకీ చూపించే పట్టుదల ఈ ఒక్క మాట రాయించుకోవడంలో చూపించం, అదేమిటో.

కరెంటు పోయినప్పుడు

ఇప్పటిదాకా చెప్పినవన్నీ బాగున్న ఫొటోలే. ఇక నిజంగా దెబ్బతిన్నవాటి సంగతి.

కార్డులోంచి కంప్యూటర్‌లోకి ఫొటోలు ఎక్కుతుంటాయి. టప్‌మని కరెంటు పోతుంది. లేదా పిల్లాడు పెన్‌డ్రైవు లాగేస్తాడు. తర్వాత చూస్తే ఫొటో పై సగం ఉంటుంది. కింద సగం బూడిదరంగు. కొన్నిట్లో తలలు ఒకచోట, మొండేలు పక్కకి జరిగి, ఆకుపచ్చగానో ఊదాగానో కనిపిస్తాయి. జేపీజీ ఫొటోని కంప్యూటర్ మనం పుస్తకం చదివినట్టే పైనుంచి కిందికి, ఎడమనుంచి కుడికి చదువుకుంటూ పోతుంది. మధ్యలో ఓ ముక్క పోయిందంటే తర్వాతి ముక్క ఎక్కడ మొదలవుతుందో దానికి అంతుపట్టదు. అందుకే ఆ తికమక.

ఫోల్డరులో చూస్తే చిన్నబొమ్మ బానే కనిపిస్తుంది, నొక్కితే మాత్రం రాదు. ఇదెలా అని ఆశ్చర్యపోతుంటారు. కెమెరా తీసిన ఫొటోలో, ఫొటోతో పాటు తపాలాబిళ్లంత చిన్న నకలు కూడా ఫైలు మొదట్లోనే ఉంటుంది. పెద్దది చెడినా ఆ చిన్నది మిగులుతుంది. అది చూసి 'ఫొటోలన్నీ ఉన్నాయిలే' అనుకుని కార్డు చెరిపేసినవాళ్లు ఎందరో.

అందుకే కార్డునుంచి ఫొటోలు తెచ్చుకునేటప్పుడు 'కట్' చేయొద్దు, 'కాపీ'యే చేయండి. ఎక్కినవాటిని పెద్దవిగా తెరిచి చూసుకున్నాకే కార్డు ఖాళీ చేయండి. పెన్‌డ్రైవు తీసేముందు 'ఎజెక్ట్' నొక్కడం చాదస్తం కాదు. కంప్యూటర్ 'అయిపోయింది' అని చెప్పాక కూడా కొంత రాత పని మిగిలి ఉండొచ్చు.

ఇంకో సందర్భం. కార్డు పెట్టగానే 'ఫార్మాట్ చేస్తేనే దీన్ని వాడగలరు, చేయనా?' అని కంప్యూటర్ అడుగుతుంది. ఇంటి అడ్రసు ఉన్న పుస్తకం చిరిగింది, కొత్త పుస్తకం పెట్టుకుందామా అని దాని భావం. వద్దనండి. 'క్యాన్సిల్' నొక్కి కార్డు బయటికి తీసేయండి. ముందు వేరే కార్డు రీడరులో, వేరే కంప్యూటర్‌లో పెట్టి చూడండి. ఒక్కోసారి తప్పు రీడరుదే అయ్యుంటుంది.

పొరపాటున చెరిపేసినా, ఫార్మాట్ చేసినా వెంటనే ఏడవక్కర్లేదు. చెరపడం అంటే నిజానికి అక్కడున్నది తుడిచేయడం కాదు, 'ఈ చోటు ఖాళీ, కావాలంటే వాడుకోవచ్చు' అని గుర్తు పెట్టడం. కొత్తగా ఏదైనా వచ్చి ఆ చోట కూర్చునేదాకా పాతది అక్కడే ఉంటుంది. అందుకని ఆ కార్డుతో ఇంకో ఫొటో కూడా తీయకండి. ఫొటోరెక్ అని ఉచితంగా దొరికే ప్రోగ్రాము ఒకటుంది. అది అడ్రసు పుస్తకం జోలికి పోకుండా, కార్డంతా గాలించి ఫొటోల ఆనవాళ్లు పట్టి బయటికి తీస్తుంది. చూడటానికి ముచ్చటగా ఉండదు, నల్లటి తెర మీద అక్షరాలు. కంప్యూటర్ చదివే పిల్లలెవరైనా పక్కన ఉంటే మంచిది. బాపట్ల లాంటి ఊళ్లో ఇంజినీరింగ్ చదివేవాళ్లకి కొదవా? తీసినవాటిని మాత్రం అదే కార్డులో కాకుండా వేరేచోట పెట్టుకోవాలి. ఒక్క మాట, ఇదంతా మెమరీ కార్డులు, పాతరకం హార్డ్‌డిస్కుల సంగతి. కొత్త ల్యాప్‌టాప్‌లలో ఉండే ఎస్‌ఎస్‌డీలు చెరిపిన చోటుని నిజంగానే శుభ్రం చేసుకుంటాయి. వాటిలోంచి తిరిగి రప్పించడం కష్టం.

సముద్రం దగ్గర ఊళ్లకి ఇంకో బాధ తేమ. సూర్యలంక గాలి బాపట్లలో ఇనుప గేట్లనే తినేస్తుంది, సీడీలు ఎంత! రెండు వేల సంవత్సరం తర్వాత పదేళ్లపాటు మన పెళ్లి ఫొటోలూ, బారసాల ఫొటోలూ సీడీల్లో ఇచ్చేవారు. వాటిలో రాత నిలిచేది సన్నటి రంగుపూత మీద. ఎండకీ, వేడికీ, తేమకీ ఆ పూత చెడుతుంది. కాబట్టి ఇంట్లో సీడీలుంటే ఈ వారమే వెతికి తీయండి. మురికిగా ఉంటే మెత్తని నూలుగుడ్డతో మధ్యనుంచి అంచుకి తుడవాలి, గుండ్రంగా తిప్పుతూ తుడవకూడదు. ల్యాప్‌టాప్‌లో సీడీ పెట్టే చోటు లేకపోతే యూఎస్‌బీ తీగతో తగిలించే డ్రైవు దొరుకుతుంది. ఒక డ్రైవులో చదవని సీడీ ఇంకో డ్రైవులో చదవచ్చు, ఒక్కసారికే వదిలేయకండి.

పెద్ద ఫొటోకి చిన్న ఫైలు

మళ్లీ ఆ రేపల్లె ఇంటి సంగతికి వస్తే, అక్కడ ఇంకో చిక్కు ఉంది. అవసరం తీరుతుంది కదా అని ఫొటోని వాట్సాప్‌లో మామూలుగా పంపించుకోవచ్చు. దారిలో అదే జేపీజీగా మార్చేస్తుంది, ఏ కంప్యూటర్లోనైనా తెరుచుకుంటుంది. కానీ చిక్కిపోయి వస్తుంది. ఫోను తీసిన ఫొటో నాలుగువేల చుక్కల వెడల్పు ఉంటే, వాట్సాప్ మామూలుగా పంపితే సుమారు పదహారువందలకి దిగిపోతుంది. ఫోనులో చూస్తే తేడా తెలియదు. పన్నెండు అంగుళాలు, పద్ధెనిమిది అంగుళాల ఫ్రేముకి సాగదీస్తే తాతయ్య ముఖం మీద గళ్లు పడతాయి. అందుకని వాట్సాప్‌లోనే 'డాక్యుమెంట్'గా పంపమనాలి. అప్పుడు చుక్క తగ్గకుండా అసలుది అసలుగానే వస్తుంది. అయితే అప్పుడది మళ్లీ ఐఫోన్ రకంగానే వచ్చి తెరుచుకోదు! కాబట్టి అక్కడే జేపీజీగా మార్చి, ఆ తర్వాత డాక్యుమెంట్‌గా పంపమనాలి. ఈ రెండు మాటలూ కలిపి చెబితే పని ఒక్క ఫోనుతో అయిపోతుంది.

తెనాలి శిల్పుల పేరు మనందరికీ తెలిసిందే. ఫొటో చూసి మనిషి పోలికలు తేవాలంటే వాళ్లకైనా స్పష్టమైన ఫొటోయే కావాలి. అక్కడ కూడా ఇదే సూత్రం.

షాపులో ఇచ్చేముందు

ఇంట్లో కుదరకపోతే షాపుకి తీసుకెళ్లడం మామూలే. ఇక్కడ ఆడవాళ్లం కాస్త ఆలోచించాలి. తెరుచుకోని ఫొటో ఒకటే అయినా, మనం చేతిలో పెట్టేది హార్డ్‌డిస్కు మొత్తం. అందులో పురిటి ఫొటోలుంటాయి, ఆడపిల్లల ఫొటోలుంటాయి, ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం స్కాన్‌లు ఉంటాయి. చెడిపోయినవాటిని మాత్రమే వేరే పెన్‌డ్రైవులో వేసి ఇవ్వండి. మొత్తం ఇవ్వక తప్పకపోతే ఎదురుగా కూర్చుని చేయించుకోండి. 'సాయంత్రం రండమ్మా' అంటే 'సాయంత్రమే తీసుకొస్తాలే బాబూ' అనడంలో తప్పేం లేదు.

ఫొటోలు ఉచితంగా బాగుచేస్తామంటూ ఇంటర్నెట్‌లో కనిపించే చోట్ల కూడా అంతే జాగ్రత్త. ఫొటో వాళ్లకి ఎక్కించామంటే అది మన చేయి దాటినట్టే. కొన్నిచోట్ల చిన్నబొమ్మ బాగుచేసినట్టు చూపించి, పూర్తిది కావాలంటే డబ్బడుగుతారు. ఆ చూపించేది ఇందాక చెప్పిన తపాలాబిళ్ల నకలే అయ్యుండొచ్చు.

తెరవకూడని ఫొటోలూ ఉన్నాయి. పేరు చివర జేపీజీ అని ఉండి దాని తర్వాత ఇంకో చుక్క, ఇ-ఎక్స్-ఇ అని ఉందంటే అది ఫొటో వేషం వేసుకున్న ప్రోగ్రాము. అక్షరాలు దాచి ఉంటే మనకి జేపీజీ అన్నంతవరకే కనిపిస్తుంది. అందుకే వాటిని బయటికి రప్పించమన్నది. పెళ్లి శుభలేఖ పంపుతున్నామంటూ వాట్సాప్‌లో ఏ-పి-కె అనే ఫైలు పంపి, నొక్కినవాళ్ల ఫోనుల్లోంచి డబ్బు లాగేసే మోసం 2024 నుంచి మన దేశంలో పోలీసులు హెచ్చరిస్తున్నదే. శుభలేఖ ఫొటోగా గానీ, పీడీఎఫ్‌గా గానీ వస్తుంది. ఏపీకేగా రాదు. తెలియని నెంబరు నుంచి వస్తే అసలు నొక్కకండి, ముహూర్తం ఏదైనా సరే. డబ్బు పోయినట్టు తెలిస్తే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే అంత ఆశ.

ఒకేరోజు కంప్యూటర్‌లో ఫొటోలన్నిటి పేర్ల చివరా ఏదో తెలియని మాట చేరి, ఒక్కటీ తెరుచుకోకపోతే అది మాత్రం వైరసే. నెట్ తీగ పీకేసి, హార్డ్‌డిస్కులు ఊడదీసి, తెలిసినవాళ్లని పిలవాలి. డబ్బు కడితే తాళం ఇస్తామన్న మాట నమ్మడానికి లేదు.

ఇంతకన్నా చిన్న కారణం ఒకటుంది, చెబితే నవ్వొస్తుంది. ఫోల్డరులో ఫోల్డరు, దానిలో ఇంకో ఫోల్డరు పెట్టి, 'అమ్మాయి పెళ్లి ఫొటోలు కొత్తవి ఫైనల్ ఇదే అసలైనది' అంటూ పేర్లు పెంచుకుంటూ పోతాం. ఆ దారి మొత్తం కలిపి 260 అక్షరాలు దాటితే విండోస్‌లో చాలా ప్రోగ్రాములు తెరవమని మొండికేస్తాయి. ఆ ఫొటోని డెస్క్‌టాప్ మీదికి తెచ్చి నొక్కితే వచ్చేస్తుంది.

తుపాను దారిలో ఉన్నవాళ్లం

1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమనే కాదు, కృష్ణకి ఇవతల రేపల్లె, నిజాంపట్నం వైపు పల్లెలనీ ముంచింది. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. 2024 సెప్టెంబరులో కృష్ణ పొంగి రేపల్లె, కొల్లూరు వైపు లంకల్లోకి నీళ్లొచ్చాయి. కాగితం ఆల్బమ్ తడిస్తే ఫొటోలు ఒకదానికొకటి అంటుకుపోతాయి, అయినా నీళ్లలో నానబెట్టి మెల్లగా విడదీసి ఆరబెడితే కొన్నైనా దక్కుతాయి. హార్డ్‌డిస్కు తడిస్తే మాత్రం ఆరిందో లేదో చూద్దామని కరెంటు పెట్టొద్దు. పెట్టారంటే మిగిలింది కూడా పోతుంది. అది పనితెలిసినవాళ్ల చేతికే వెళ్లాలి, దానికి ఖర్చు గట్టిగానే అవుతుంది.

మన ప్రాంతంలో ఫొటోలన్నీ ఒక్క ఇంట్లో ఉంచుకోవడం ధైర్యం అనిపించుకోదు. ఒక కాపీ మీ కంప్యూటర్‌లో, ఒకటి గూగుల్ లాంటి చోట, ఇంకొకటి చిన్న హార్డ్‌డిస్కులో వేసి వేరే ఊళ్లో ఉన్న మీ ఆడపడుచు ఇంటి బీరువాలో. రేపల్లె వాళ్లకి తెనాలి ఎంత దూరం, రైలెక్కితే చాలు. ఆ డిస్కుని బీరువాలో పెట్టి మర్చిపోకుండా ఆర్నెల్లకోసారి, పండక్కి వెళ్లినప్పుడు, తగిలించి చూడండి. చిన్నబొమ్మలు చూసి ఊరుకోకుండా, అక్కడొకటి ఇక్కడొకటి ఓ పది ఫొటోలు పూర్తి సైజులో తెరవండి. అమ్మానాన్నల ఫొటోలు బాగున్నవి రెండు మాత్రం జేపీజీగా వేరే ఫోల్డరులో పెట్టి, ఇప్పుడే స్టూడియోలో పెద్దసైజు కాగితం ప్రింటు కూడా తీయించేయండి.